అల్లుడుగారికి వానకోటు

విజయవాడ నుంచి ఒక సోదరి ఇలా రాశారు:

"మా పెద్దమ్మాయీ అల్లుడూ సియాటిల్‌లో వుంటున్నారు. పెళ్ళయ్యాక ఇది మొదటి దీపావళి. అల్లుడికి ఏం పెట్టమంటావే అని ఫోనులో అడిగితే, 'పట్టుపంచె వద్దమ్మా, వానకోటు కావాలిట. ఆఫీసు స్నేహితులతో జింకల వేటకి అడవికి వెళ్తారట' అంది. నాకు గుండె గుభేలుమంది. మా ఇంటావంటా చీమని చంపినవాళ్ళు లేరు. సరే, అది వాళ్ళ యిష్టం. మావారు బీసెంటు రోడ్డుకి వెళ్ళి, స్కూటరు మీద వేసుకునే దళసరి రబ్బరు కోటు వొకటి చూసి వచ్చారు. చుక్క నీరు లోపలికి దిగదని షాపువాడు బల్లగుద్ది చెప్పాడట. అది పంపిస్తే చాలునా? ఆ చలిలో, ఆ వానలో పిల్లవాడికి ఏమైనా అవుతుందేమోనని నా బెంగ."

అమ్మా, మీ బెంగలో అర్థం వుంది. ఆ కోటు మాత్రం పంపకండి. అది చెడ్డ కోటు కాదు. స్కూటరు మీద అరగంట ప్రయాణం చేసే మీవారికి దివ్యంగా పనికొస్తుంది, ఆయనకే కొనిపెట్టండి. వేటకి వెళ్ళే మనిషికి మాత్రం అది పనికిరాదు. ఎందుకో చెప్పాలంటే కొంచెం దూరం నుంచి రావాలి.

వేట మంచిదా చెడ్డదా అని మీరు నన్ను అడగలేదు, నేనూ ఆ తగువులోకి దిగను. మన దేశంలో ఆ తగువు ఎప్పుడో తీరిపోయింది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది, 1991లో దానికి సవరణ వచ్చింది. సరదాకి తుపాకి పట్టుకుని అడవికి పోవడం మన దగ్గర ముగిసిన కథ. అమెరికాలో అలా కాదు. ప్రభుత్వమే ఋతువు నిర్ణయించి, లైసెన్సు యిచ్చి, ఎన్ని జంతువుల్ని కొట్టవచ్చో లెక్క చెబుతుంది. సియాటిల్ వున్న వాషింగ్టన్ రాష్ట్రంలో 1972 జనవరి 1 తరవాత పుట్టినవాళ్ళకి, మామూలుగా వేట పాఠాలు చదివి పరీక్ష ప్యాసయితేనే మొదటి లైసెన్సు యిస్తారు. కనక మీ అల్లుడుగారు బహుశా ఆ చదువు చదువుకునే బయలుదేరుతున్నారని ధైర్యంగా వుండండి.

ఇక వాన సంగతి. మనకి వాన అంటే ఉరుములు మెరుపులతో వచ్చి, వీధులు ఏరులు చేసి, గంటలో వెళ్ళిపోయే చుట్టం. తడిసినా ఏం కాదు. తువ్వాలుతో తల తుడుచుకుని వేడివేడి మిరపకాయబజ్జీలు తింటే సరి. సియాటిల్‌లో ఏడాదికి కురిసే వాన దాదాపు ఒక మీటరు. విజయవాడలో కురిసేదీ ఇంచుమించు అంతే. కాని అక్కడ అది ముసురు. అక్టోబరులో పట్టుకుంటే వసంతం దాకా సన్నగా, చల్లగా, రోజుల తరబడి పడుతూనే వుంటుంది. ఊరు దాటి పడమటగా ఒలింపిక్ పర్వతాల అవతలికి పోతే మరీ ఘోరం. అక్కడ హో నది లోయలో ఏడాదికి మూడున్నర మీటర్ల వాన కురుస్తుంది. చెట్ల కొమ్మలకి గడ్డాల్లా నాచు వేలాడుతూ వుంటుంది. నల్లతోక జింకలు తిరిగేది ఆ పడమటి అడవుల్లోనే. తుపాకితో వాటి వేట సాగేది ముఖ్యంగా అక్టోబరు, నవంబరు నెలల్లో.

ఆ రోజుల్లో అక్కడ పగటి వేడి పది డిగ్రీల దరిదాపుల్లో వుంటుంది. గడ్డకట్టే చలి కాదుగదా అని తేలిగ్గా తీసుకుంటారు చాలామంది. నిజానికి మంచు కురిసే చలికన్న ఈ పదిడిగ్రీల ముసురే ప్రమాదం. మంచు దులిపితే పోతుంది, ముసురు ఒంటికి పడుతుంది. నీరు గాలికన్న పాతికరెట్లు త్వరగా ఒంట్లో వేడిని లాగేస్తుంది. మన శరీరం 37 డిగ్రీల దగ్గర వుండాలి. లోపలి వేడి 35కి దిగిందంటే వైద్యులు దాన్ని జబ్బుగానే లెక్కిస్తారు. మొదట వణుకు పుడుతుంది. వేళ్ళు మాట వినవు, బొత్తాం పెట్టుకోలేరు. మాట ముద్దముద్దగా వస్తుంది. అన్నిటికన్న చెడ్డది, బుద్ధి మందగిస్తుంది. నాకేం ఫరవాలేదు అంటాడు మనిషి. వణుకు ఆగిపోతే తేరుకున్నాడని సంతోషించకూడదు, అది ఇంకా ముదిరిన గుర్తు. చేతిలో తుపాకి వున్న మనిషికి వేళ్ళూ బుద్ధీ రెండూ స్వాధీనం తప్పితే ఏమవుతుందో నేను చెప్పనక్కరలేదు. కోటు ఎంచుకోవడమంటే ఈ గండం గడిపించే వస్తువుని ఎంచుకోవడం.

మరి చుక్క నీరు దిగని రబ్బరు కోటు ఈ గండం ఎందుకు గడిపించదు?

మీ వంటింట్లో ఇడ్లీపాత్ర మూత తీసి చూడండి. లోపలివైపు నీళ్ళు కారుతూ వుంటాయి. బయటి నుంచి ఎవరూ పోయలేదు. లోపలి ఆవిరి బయటికి పోయే దారిలేక నీరయింది. రబ్బరు కోటు వేసుకుని కొండెక్కే మనిషి సంగతీ అంతే. వేటగాడి పని విచిత్రమైనది. తెల్లవారకముందు గంటో రెండుగంటలో వీపున మూట వేసుకుని ఎగుడుదిగుడు దారిలో నడుస్తాడు, చెమట పోస్తుంది. తరవాత ఒక మాను మొదట్లో కదలకుండా మెదలకుండా మూడుగంటలు కూర్చుంటాడు. నడిచినప్పుడు పట్టిన చెమట, కూర్చున్నప్పుడు చల్లబడి ఒంటికి అంటుకుంటుంది. వాన లోపలికి రాకపోయినా మనిషి నిలువునా తడిసే వుంటాడన్నమాట.

ఈ చిక్కు కొత్తది కాదు. గ్లాస్గో నగరంలో చార్లెస్ మాకింటాష్ అనే రసాయన శాస్త్రవేత్త 1823లో, బొగ్గుతారు నుంచి తీసిన నాఫ్తాలో రబ్బరు కరిగించి, రెండు గుడ్డల మధ్య పూసి, నీరు దిగని గుడ్డకి పేటెంటు పుచ్చుకున్నాడు. ఆ కోట్లు ఎండకి జిగటగా అయ్యేవి, చలికి అట్టలా బిగుసుకుపోయేవి, వాసన సంగతి సరేసరి. గంధకంతో రబ్బరుని ఉడికించే పద్ధతి 1840ల్లో వచ్చాక జిగటా బిగుతూ వదిలాయి గాని చెమట బాధ వదలలేదు. మన పెద్దవాళ్ళకి బాగా తెలిసిన డక్‌బ్యాక్ కోటు, కలకత్తాలో సురేంద్రమోహన్ బోసు 1920లో మొదలుపెట్టిన కర్మాగారంలోది, ఆ వంశంలోదే. దాంట్లో ఆఫీసుకి నడిచి వెళ్ళి చొక్కా వీపున అంటుకుపోయిన అనుభవం మన ఇళ్ళల్లో తాతగార్లని అడిగితే చెబుతారు.

వేటగాళ్ళు దీనికి విరుగుడు మూడు నాలుగు దారుల్లో వెతికారు. ఇంగ్లీషువాళ్ళు పడవ తెరచాపలకి నూనె పట్టించే నావికుల్ని చూసి, దళసరి నూలుగుడ్డకి మైనం పట్టించి కోట్లు కుట్టారు. అవి ఈనాటికీ వున్నాయి. చప్పుడు చెయ్యవు, ముళ్ళకంపకి చిరగవు, పదేళ్ళూ ఇరవైఏళ్ళూ నిలుస్తాయి. కాని బరువు, పైగా ఏడాదికోసారి మళ్ళీ మైనం పట్టించాలి, సబ్బుతో ఉతికితే సర్వనాశనం. ఆస్ట్రియా కొండల్లో వేటగాళ్ళు లోడెన్ అనే ఉన్నిగుడ్డ వాడతారు. నేసిన ఉన్నిని నీళ్ళలో బాది బాది దగ్గరికి పోయేలా చేస్తారు. వాన దాని నూగు మీదనుంచి జారిపోతుంది.

రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో మాంచెస్టరులోని షర్లీ పరిశోధన సంస్థ ఇంకో తమాషా చేసింది. పొడుగు పింజ పత్తి ఏరి ఎంతో బిగువుగా నేశారు. తడి తగలగానే ఆ నూలు పోగులు ఉబ్బి, సందులు వాటంతటవే మూసుకుపోతాయి. ఏ పూతా అక్కరలేదు. చల్లటి సముద్రంలో పడిపోయే వైమానికుల ప్రాణాలు నిలపడానికి దీనితో దుస్తులు కుట్టారు. వెంటైల్ అనే పేరుతో అది ఇప్పటికీ దొరుకుతుంది. ధర మాత్రం సామాన్యులకి అందదు.

ఈనాడు ఎక్కువమంది కొనేది మరో రకం. 1969లో బాబ్ గోర్ అనే అమెరికన్, మీ అంటుకోని పెనం మీద పూసే పదార్థాన్నే వేడిచేసి చటుక్కున లాగితే, అది తెగకుండా సాగి, లెక్కలేనన్ని సన్నని రంధ్రాలున్న పొర అయింది. ఆ రంధ్రాల్లో నీటిబొట్టు దూరదు, చెమట ఆవిరి దూరిపోతుంది. ఆ పొరని రెండు గుడ్డల మధ్య అతికించిన గోర్‌టెక్స్ కోట్లు 1976 నుంచి బజారులోకి వచ్చాయి. ఇప్పుడు అదే తీరులో వేరే కంపెనీల పొరలూ వచ్చాయి. షాపులో వీటిని గురించి చెప్పే గొప్పలు సగమే నమ్మండి. పైగుడ్డ మీద వాన ముత్యాల్లా దొర్లిపోతున్నంతసేపే ఆవిరి బయటికి పోతుంది. పైగుడ్డ నాని బరువెక్కిందా, దారి మూసుకుపోతుంది, మళ్ళీ ఇడ్లీపాత్రే. అందుకని చంకల కింద జిప్పు వున్న కోటు చూసుకోమనండి. కొండెక్కేటప్పుడు అది తీసి, కూర్చున్నప్పుడు మూసుకోవచ్చు. ఎంత గొప్ప పొరకన్నా ఈ జిప్పు ఎక్కువ పని చేస్తుందని నా అభిప్రాయం.

వానకోట్లలో నడిచేవాళ్ళకి లేని తగులాటం వేటగాడికి ఇంకొకటి వుంది. చప్పుడు. కొత్త పట్టుచీర కట్టుకున్న ముత్తయిదువ పక్కగదిలో నడిస్తే మనకి ఇక్కడికి తెలుస్తుంది గదా. నునుపైన నైలాను కోటు అడవిలో అలాగే గరగరలాడుతుంది. జింక చెవులు మన చెవులవంటివి కావు. చెయ్యి ఎత్తేలోగా అది పొదలు దాటి పోతుంది. వానచప్పుడు కొంత కప్పిపుచ్చుతుందనుకోండి, వాన వెలిసి చెట్లనుంచి చినుకులు రాలే వేళ అసలు పరీక్ష. కనక పైన నూగు వున్న మెత్తని గుడ్డ ఎంచుకోవాలి. షాపులో కోటు చేతిని చెవి దగ్గర పెట్టుకుని నలిపితే తెలిసిపోతుంది. మెత్తని గుడ్డకి నీరు కాస్త ఎక్కువ పడుతుంది, ఆరడం ఆలస్యం. రెండూ కావాలంటే కుదరదు. వేటగాడు చప్పుడు లేనిదాన్నే ఒప్పుకోవాలి.

తరవాత రంగు. ఇది చాలామంది పొరబడే చోటు, కాస్త జాగ్రత్తగా వినండి. వాషింగ్టన్ రాష్ట్రంలో తుపాకితో జింకల వేట సాగే రోజుల్లో, వేటగాడు నడుము పైభాగాన కనీసం 400 చదరపు అంగుళాల మేర కళ్ళు చెదిరే నారింజరంగు బట్ట బయటికి కనబడేలా వేసుకోవాలని చట్టం. 2019 నుంచి అలాంటి గులాబీరంగు కూడా ఒప్పుకుంటున్నారు. పొదల వెనక కదిలేది జింక కాదు మనిషి అని తోటి వేటగాడికి తెలియడానికి ఈ ఏర్పాటు. జింకకి భయం లేదు; దాని కంటికి ఎరుపు, నారింజ తెలియవు, ఆకుపచ్చలోనే కలిసిపోతాయి. మనిషి నారింజ చొక్కా తొడుక్కునే బయలుదేరతాడు. వాన మొదలవుతుంది. సంచిలోంచి ఆకుపచ్చ వానకోటు తీసి దాని మీద వేసుకుంటాడు. అంతే, నారింజ కాస్తా మాయమయింది! మబ్బుపట్టిన మసకవెలుతురులో, కన్ను సరిగా ఆననప్పుడు, ఆ రంగు అవసరం ఎక్కువగా వున్నప్పుడే అది కోటు కింద దాక్కుంటుంది. కోటే నారింజది కొనాలి, లేదా కోటు మీదనుంచి వేసుకునేంత వదులుగా నారింజ చొక్కా వుండాలి. ఈ ఒక్క మాట మీ అమ్మాయికి ఫోనులో తప్పకుండా చెప్పండి. మిగతావి మరిచిపోయినా ఫరవాలేదు.

రంగుతోపాటు ఉతుకు. మనం తెల్లబట్టలకి నీలిమందు పెట్టినట్టే, ఇప్పటి సబ్బుపొడుల్లో బట్టని మెరిపించే మందులు కలుపుతారు. మన కంటికి అది తెలుపు. జింక కన్ను నీలివైపు వెలుగుని మనకన్న బాగా పట్టుకుంటుంది. ఆ మెరుపు దానికి దీపంలా కనబడే అవకాశం వుంది. అమ్మాయి ఆ బట్టల్ని మెరుపుమందు లేని సబ్బుతో విడిగా ఉతకడం మేలు.

కోటు ఎలాంటిదైనా కింద ఏం తొడిగారన్నది అంతకన్న ముఖ్యం. మన మగవాళ్ళకి నూలు బనియను లేనిదే పొద్దుగడవదు. ఎండాకాలంలో కుండకి తడిగుడ్డ చుడతాం గదా, నీళ్ళు చల్లబడడానికి? తడిసిన నూలు బనియను ఒంటికి చేసేది సరిగ్గా ఆ ఉపకారమే. అడవికి నూలు బనియను, జీన్సు ప్యాంటు రెండూ పనికిరావు. ఉన్ని కావాలి. ఉన్ని తన బరువులో మూడోవంతు దాకా తేమ పీల్చుకున్నా ఒంటికి తడి అనిపించదు. తడిసినా వెచ్చదనం పూర్తిగా వదలదు. సన్నని ఉన్ని బనియను, దాని మీద ఉన్ని స్వెట్టరో పాలియెస్టరు ఫ్లీసో, అన్నిటిపైన కోటు. నడిచేటప్పుడు స్వెట్టరు తీసి సంచిలో పెట్టుకోవాలి, చెమట పట్టనివ్వకూడదు. కూర్చోబోయే ముందు తొడుక్కోవాలి. చలివేసేదాకా ఆగకూడదు.

ఈ విద్య మనవాళ్ళకి తెలియనిది కాదు సుమండీ. తెలంగాణలో కురుమలు దక్కని గొర్రెల నల్లఉన్నితో నేసిన గొంగడి ఏమిటనుకున్నారు? చింతగింజల గంజి పట్టించి నేస్తారు. గొర్రెలకాపరి దాని మూల మడిచి నెత్తిన పెట్టుకుని, ముసురులో మంద వెంట రోజంతా నిలబడతాడు. వాన దాని మీదనుంచి జారుతుంది, చెమట దాంట్లోంచి పోతుంది, చప్పుడనేది లేదు. ఆస్ట్రియా వేటగాడి లోడెన్‌కీ దీనికీ పెద్దగా తేడా లేదు, దర్జీ కుట్టుపని తప్ప. అలాగని అల్లుడుగారికి గొంగడి పంపమని అనడంలేదు. తడిస్తే మోయలేని బరువు, తుపాకి ఎక్కుపెట్టడానికి చేతులు సాగవు. పొడిగా వున్నప్పుడు గుడారంలో పరుచుకుని కూర్చోడానికి మాత్రం దానికి సాటి లేదు.

కొలతల విషయం. ఇక్కడినుంచి కొని పంపే ఆలోచన మానుకుని, డబ్బు పంపి అక్కడే తొడిగి చూసుకోమనండి. కింద స్వెట్టరు వేసుకుని కొలత చూడాలి. తుపాకి ఎక్కుపెట్టినట్టు రెండు చేతులూ ఎత్తాలి. అప్పుడు చేతులు మోచేతిదాకా జరిగిపోతే ఆ కోటు వద్దు, వాన మణికట్టు దగ్గర దూరి చంకదాకా పారుతుంది. కోటు పిర్రలు దాటి దిగాలి, లేకపోతే తడి దుంగ మీద కూర్చోగానే అయిపోయింది. తలముసుగు తలతోపాటు తిరగాలి. తల తిప్పితే ముసుగు లోపలివైపే కనబడే కోట్లు చాలా వున్నాయి. ముసుగు మీద చినుకుల చప్పుడుకి పక్కన అడుగుల చప్పుడు వినబడదు కనక, అనుభవజ్ఞులు సన్నవానలో ముసుగు వెనక్కి తోసి, అంచు వున్న టోపీ పెట్టుకుంటారు. వాన ప్యాంటు బూట్ల మీదనుంచి రావాలి. బూట్లలోకి దోపితే బూటు చెంబు అవుతుంది. కొన్న తరవాత ఇంట్లో స్నానాలగదిలో షవరు కింద పది నిమిషాలు నిలబడి చూసుకుంటే మంచిది. అమ్మాయి నవ్వుతుంది, నవ్వనివ్వండి. లోపం అక్కడ బయటపడితే షాపుకి తిప్పి యివ్వవచ్చు.

ఒక్క కోటులో ఇవన్నీ కుదురుతాయా అంటే, కుదరవు. రోజంతా పడే ముసురులో తడవని మనిషి లేడు. అందుకే సంచి అడుగున, గట్టి ప్లాస్టిక్ సంచిలో కట్టి, పొడి ఉన్ని బనియను ఒకటి, మేజోళ్ళు ఒక జత పెట్టుకోవాలి. వాటిని సాయంత్రం దాకా విప్పకూడదు. జోరువానలో నిజమైన వేటగాడు తుపాకి పేల్చడు కూడా; దెబ్బతిన్న జంతువు పారిపోతే నెత్తుటిజాడ వాన కడిగేస్తుంది, అది ఎక్కడో పొదలో చస్తుంది. అలాంటప్పుడు తిరిగి వచ్చెయ్యడమే. వెళ్ళేముందు ఏ దారిన వెళ్తున్నదీ, ఎన్నింటికి వస్తున్నదీ కాగితం మీద రాసి అమ్మాయి చేతికి యివ్వమనండి. కొండల మధ్య ఫోన్లు పలకవు.

మీ చేత్తో ఏదైనా పంపాలని వుంటే ఉన్ని మేజోళ్ళు అల్లి పంపండి. రెండు జతలు. ఏ రంగయినా ఫరవాలేదు, బూటులో వుండేవే గదా. నీలిమందు మాత్రం పెట్టకండి.

కోటుని దాచుకునే పద్ధతి కూడా రాసి పంపండి. ఇంటికి రాగానే తడికోటుని కారు వెనక మడిచి పడెయ్యకూడదు, బూజు పడుతుంది. చిలక్కొయ్యకి తగిలించి ఆరనివ్వాలి. వాన ముత్యాల్లా దొర్లడం మానేసి గుడ్డ నానుతున్నదంటే కోటు పాడయిందని అర్థం కాదు. మట్టి, చెమట పట్టి వుంటుంది. తక్కువ సబ్బుతో ఉతికి, బట్టల్ని మెత్తబరిచే మందు వెయ్యకుండా, దాని లోపలి చీటీ మీద రాసినంత వేడిలో ఆరబెట్టే యంత్రంలో తిప్పితే చాలావరకు పూర్వపు గుణం వస్తుంది. రాకపోతే మళ్ళీ పట్టించుకునే ద్రావకం సీసాల్లో అమ్ముతారు. ఫ్లోరిన్ మందులు లేనిది చూసి కొనాలి. అవి మట్టిలో, నీళ్ళలో ఏళ్ళతరబడి విరగకుండా వుండిపోతాయని తేలి, కాలిఫోర్నియా రాష్ట్రం 2025 నుంచి చాలారకాల బట్టల్లో వాటిని నిషేధించింది. ఫ్లోరిన్ లేని పూత కాస్త త్వరగా అరిగిపోతుంది. ఏడాదికి ఒకసారి బదులు రెండుసార్లు పట్టించుకోవలసి వుంటుంది.